ముంపువాళ్ళకు పిల్లుల ముచ్చటెందుకు?

"వచ్చిన పనేమిటి, మీరు మాట్లాడుతున్నదేమిటి? ఇంతమంది పెద్దవాళ్ళు ఒకచోట చేరి గంటన్నరసేపు పిల్లుల గురించా!"

ఈ మాట అన్నవాడు మాకు దూరపు బంధువే. చదువుకున్నవాడు, ముంపు బాధితుల తరఫున అర్జీలు రాయడంలో చేయి తిరిగినవాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఆ మాట విన్నచోటు మాత్రం చెప్పాలి. ఈ వేసవిలో శ్రీశైలం జలాశయం నీళ్ళు వెనక్కి తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు, ఆ ఒడ్డున ఒక వేపచెట్టు నీడన కూర్చుని ఉన్నాం. 1981లో ఊళ్ళు ఖాళీ చేసి వచ్చినవాళ్ళు ఏడెనిమిదిమంది, వాళ్ళ పిల్లలు మరికొందరు. ఏటా కాకపోయినా రెండేళ్ళకో మూడేళ్ళకో ఒకసారి ఇలా కలుస్తాం. గుడిని చూసినట్టూ ఉంటుంది, బురద ఆరినచోట ఎవరి ఇంటి పునాది ఎక్కడుందో వెతుక్కున్నట్టూ ఉంటుంది.

ఆయనకు అప్పుడే జవాబు చెప్పవలసింది. పెద్దవాళ్ళ ముందు వాదులాట బాగుండదని ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఊరుకోలేకపోయాను.

ముందు ఆ గంటన్నరలో ఏం మాట్లాడుకున్నారో వినండి. మా పక్కింటి పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆమె ఇంట్లో ఒక నల్లపిల్లి ఉండేదట, మిద్దె గవాచిలోంచి దిగి వచ్చేదట. ఎదురింటివాళ్ళది ఎర్ర గండుపిల్లి. "ఆ రెంటికీ పుట్టిన ఆడవన్నీ నలుపూ ఎరుపూ కలిసిన మచ్చలవి నాయనా, మగవన్నీ నల్లవి. మగపిల్లకు ఎప్పుడైనా అమ్మ రంగే. ఎన్ని ఈతలు సూడలేదు నేను!" అంది. కాదు, తమ ఇంట్లో తెల్లమచ్చలున్న మగపిల్ల ఉండేదని ఒక చిన్నాయన అడ్డం వచ్చాడు. తెల్లమచ్చల లెక్క వేరు, ఎరుపూ నలుపూ లెక్క వేరు అని ఆమె తేల్చేసింది. మూడురంగుల గండుపిల్లిని చూసినవాళ్ళున్నారా అని ఎవరో అడిగితే ఒక్కరూ చేయెత్తలేదు. ఇంతలో మా బంధువుకు కోపం వచ్చింది.

బడి మొహం చూడని ఆ పెద్దమ్మ చెప్పిన మూడు సంగతులూ అక్షరాలా నిజం. ఎందుకు నిజమో చెబుతాను.

పిల్లికి 19 జతల క్రోమోజోములు. వాటిలో ఒక జత లింగాన్ని నిర్ణయిస్తుంది: ఆడదానికి రెండు ఎక్స్‌లు, మగదానికి ఒక ఎక్స్, ఒక వై. ఎరుపా నలుపా అన్నది తేల్చే జన్యువు ఎక్స్ మీద ఉంది. మగపిల్లకు ఉన్న ఒక్క ఎక్స్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి, తండ్రి ఎంత ఎర్రగండు అయినా ఆ ఎరుపు కొడుక్కు దక్కదు. కూతురికి ఇద్దరి నుంచీ చెరొకటి వస్తుంది. అయితే ఒక్కొక్క కణంలో రెండు ఎక్స్‌లూ పనిచెయ్యవు. పిండం ఇంకా కొన్ని కణాల ముద్దగా ఉన్నప్పుడే ప్రతి కణమూ ఏదో ఒక ఎక్స్‌ను మూసేస్తుంది. దేన్ని మూయాలన్న నియమం లేదు. ఆ కణం నుంచి పుట్టుకొచ్చే కణాలన్నీ ఆ మూతను అలాగే నిలుపుకుంటాయి. అందుకే ఒళ్ళంతా ఇక్కడ ఎరుపు, అక్కడ నలుపు. ఈ సంగతిని 1961లో మేరీ లయన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త ఎలుకల మీద పరిశీలనలతో ప్రతిపాదించింది. తెల్లమచ్చలు తెచ్చేది కిట్ అనే మరో జన్యువు. అది ఎక్స్ మీద లేదు గనుక తల్లి నుంచైనా తండ్రి నుంచైనా రావచ్చు. పెద్దమ్మ చెప్పిన 'వేరే లెక్క' ఇదే. మూడురంగుల మగది అసలు పుట్టదని కాదు. రెండు ఎక్స్‌లూ ఒక వై కలిసి వచ్చినప్పుడు అరుదుగా పుడుతుంది, మూడువేలలో ఒకటని సాధారణంగా చెప్పే అంచనా. అది కూడా దాదాపుగా గొడ్డే. మా వేపచెట్టు కింద ఎవరూ చేయెత్తకపోవడంలో వింతేమీ లేదు.

ఎరుపు తెచ్చే ఆ జన్యువు ఏదో మాత్రం శాస్త్రవేత్తలకు చాలాకాలం చిక్కలేదు. 2025 మే నెలలో కరెంట్ బయాలజీ పత్రికలో రెండు బృందాలు ఒకేసారి ప్రకటించాయి. ఒకటి జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయానికి చెందిన హిరోయుకి ససాకి బృందం, రెండోది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో గ్రెగ్ బార్ష్ బృందం. ఏఆర్‌హెచ్‌గ్యాప్36 అనే జన్యువులో సుమారు అయిదువేల అక్షరాల ముక్క ఊడిపోయిందట. ఊడిపోయిన చోట కొత్త పని మొదలై, రంగుకణాలు నలుపు మాని ఎరుపు తయారుచేస్తున్నాయట. ససాకి పరిశోధనకు పిల్లులంటే ప్రాణమిచ్చే మామూలు జనం చందాలు వేసుకున్నారు. అక్కడ పిల్లుల గురించి గంటన్నర మాట్లాడడమే కాదు, డబ్బు కూడా పోగుచేస్తారన్నమాట!

ఇది చదివి "చూశారా, మన పూర్వులకు జన్యుశాస్త్రం ఎప్పుడో తెలుసు" అని ఎగిరి గంతేసేవాళ్ళుంటారని నాకు తెలుసు. దయచేసి ఆగండి. పెద్దమ్మకు క్రోమోజోముల సంగతి తెలియదు, తెలుసునని ఆమె అనలేదు కూడా. ఆమెకు తెలిసినది చూసి గుర్తుపెట్టుకోవడం. ముప్పై నలభై ఈతలు చూసింది, పోల్చుకుంది, చిన్నాయన ఎదురు ఉదాహరణ తెస్తే తన సూత్రాన్ని దానికి తగినట్టు వివరించుకుంది. దాన్ని ఏ గ్రంథంలోనో ముందే రాసి ఉందని చెప్పడం ఆమె కష్టాన్ని ఇంకొకడి ఖాతాలో వెయ్యడమే. జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో మనదేశానికి వచ్చి స్థిరపడ్డాక, ఖరీదైన పరికరాలు లేకుండా కళ్ళతో చూసి లెక్కపెట్టి చేయగల జీవశాస్త్రాన్ని తన శిష్యులకు నూరిపోశాడు. ఆ శిష్యుల్లో తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు చెవులమీద మొలిచే వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కు ఎలా వస్తున్నాయో అధ్యయనం చేశాడు. చెవుల మీది వెంట్రుకలు శాస్త్రమైతే గవాచిలోంచి దిగే పిల్లి ఎందుకు కాకూడదు?

ఇంకో సంగతి కూడా ఉంది, ఇది మా బంధువు తప్పక వినవలసినది. 1949లో సెర్ల్ అనే శాస్త్రవేత్త లండన్ పిల్లుల రంగులు లెక్కగట్టి, ఏ జన్యువు ఎంత శాతం ఉందో ప్రచురించాడు. తరువాత ఎన్నో నగరాల్లో, ఓడరేవుల్లో ఇదే పని జరిగింది. 1977లో నీల్ టాడ్ ఆ లెక్కలన్నీ పోల్చి, పిల్లుల రంగులు మనుషుల రాకపోకల దారులను పట్టిస్తాయని వాదించాడు. బ్రిటన్‌లో ఎక్కువగా ఉండే సుడిచారల పిల్లి, బ్రిటిషువాళ్ళు వలసవెళ్ళి కాపురం పెట్టిన చోట్ల కూడా ఎక్కువగా కనిపించింది. మనిషి గంప నెత్తిన పెట్టుకుని ఎటు వెళితే అటు పిల్లి రంగు వెళ్ళింది. అంటే ఒక ఊరు చెదిరిపోతే, దాని గురుతు పట్టాదారు పుస్తకంలో లేకపోయినా ఎక్కడో ఒక పిల్లి వీపు మీద మిగిలి ఉండవచ్చు. మన కర్నూలు, కడప జిల్లాల్లో వీధిపిల్లుల రంగులు ఇలా లెక్కపెట్టినవాళ్ళుంటే వాళ్ళ కాళ్ళు మొక్కుతాను.

మా ఊళ్ళు ఎలా చెదిరాయో కొత్తవాళ్ళకు రెండు ముక్కలు. శ్రీశైలం ప్రాజెక్టుకు 1963 జులైలో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా గ్రామాలు మునిగాయి, సుమారు లక్షమంది కదిలారు. 1981లో ఇళ్ళు పడగొట్టి మరీ ఖాళీ చేయించారు. అదే ముంపులో ఉన్న కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురం తీసుకువెళ్ళి తిరిగి నిలబెట్టారు. చాలా మంచిపని, నేను వెళ్ళి చూసి దండం పెట్టుకున్నాను కూడా. కాని రాయికి చేసిన ఉపకారం మా మిద్దెలకు ఎవరూ చెయ్యలేదు. పరిహారం ఇచ్చింది 1894 నాటి భూసేకరణ చట్టం కింద. అందులో భూమికి లెక్క ఉంది, చెట్టుకు ఉంది, నిలిచిన పైరుకు ఉంది. 2013లో వచ్చిన కొత్త చట్టం పశువుల పాకకు కూడా కనీసం 25 వేల రూపాయలు ఇమ్మంటుంది. పిల్లికి పాక లేదు, ధర లేదు, కాబట్టి ఏ జాబితాలోనూ లేదు. నేను పిల్లికి పరిహారం అడగడంలేదు, నవ్వకండి. జాబితాలో పట్టనివి ఎన్ని పోయాయో తెలుసుకోవడానికి పిల్లి మంచి కొలత అంటున్నాను.

ఆ రోజు పెద్దమ్మ ట్రాక్టరు మీద సామాను సర్దుకుంటూ ఒక గంపలో మూడురంగుల తల్లిపిల్లినీ దాని పిల్లనూ పెట్టి పైన చీర కట్టింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, ఆ ట్రాక్టరులోనే ఉన్నాను. "పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి పోయినట్టుంది" అని ఎవరో ఎకసెక్కం చేశారు. ఊరి పొలిమేర దాటేలోపు తల్లి చీర చీల్చుకుని దూకింది. వెనక్కి, ఊళ్ళోకి. పెద్దమ్మ ట్రాక్టరు ఆపమంది, ఆపలేదు. రెండురోజుల తరువాత మిగిలిన కట్టెలకోసం వెళ్ళినవాళ్ళు అది కూలిన గోడమీద కూర్చుని ఉండడం చూశారట, పిలిస్తే రాలేదట. తరువాత నీళ్ళు వచ్చాయి. గంపలో మిగిలింది పిల్ల ఒక్కటే.

వేపచెట్టు కింద ఆమె ఇదంతా చెప్పలేదు. రంగుల గురించే చెప్పింది.

"పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది" అంటాం. పెద్దమ్మ కుటుంబం నాలుగూళ్ళు తిరిగి చివరికి నంద్యాలలో ఆగింది. కొన్నిచోట్ల పాత ఊరి పేరుకు ముందు 'కొత్త' అని తగిలించి, ఇదిగో మీ ఊరు అన్నారు. అమెరికాలోని టెక్సాస్‌లో 2001 డిసెంబరులో మొట్టమొదటిసారిగా ఒక పిల్లికి క్లోన్ పుట్టించారు. తల్లి పేరు రెయిన్‌బో, మూడురంగులది. దాని జన్యువులన్నీ యథాతథంగా తీసుకుని పుట్టిన పిల్లకు సీసీ అని పేరు పెట్టారు. పుట్టాక చూస్తే సీసీ ఒంటిమీద ఎరుపు లేదు! ఏ కణం నుంచి దాన్ని తయారుచేశారో ఆ కణంలో ఎరుపు ఉన్న ఎక్స్ మూసి ఉంది, ఆ మూత తెరుచుకోలేదు. జన్యువు జన్యువూ సరిపోయినా పిల్లి అదే పిల్లి కాలేదు. ఎకరానికి ఎకరం, పేరుకు పేరు ఇచ్చేశాం కదా అనే అధికారులకు సీసీ బొమ్మ ఒకటి పంపాలని నాకు చాలాసార్లు అనిపించింది.

ఇది నలభై ఏళ్ళనాటి పాతకథ అని కొట్టిపారేసేవాళ్ళు కడప జిల్లా వైపు చూడండి. 2020లో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచినప్పుడు కొండాపురం మండలం తాళ్ళప్రొద్దుటూరులో జనం ఇంకా ఇళ్ళలో ఉండగానే నీళ్ళు వచ్చాయి. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు రాజంపేట ప్రాంతపు ఊళ్ళమీద పడింది. అది ముంపు కాదు, వరద. అయినా తెల్లవారి మిగిలిన ఇళ్ళ చుట్టూ జనం వెతికింది పత్రాలనొక్కటే కాదు.

మా బంధువు పక్షాన ఉన్న న్యాయాన్ని దాచను. 1986 నాటి జీవో 98 ప్రకారం ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామన్నారు. దానికోసం తిరిగినవాళ్ళు తిరుగుతూనే ముసలివాళ్ళయ్యారు. ఆయన రాసిన అర్జీలు లేకపోతే ఆ కొద్దిమందికైనా వచ్చేవి కావు. అర్జీలో పిల్లిని రాయలేమన్నది నిజమే. కాని అయ్యా, ముంపువాడు నోరు విప్పితే అర్జీయే రావాలని ఎవరు శాసించారు? నలభై ఏళ్ళకు పైగా మీరు వచ్చి "మీ నష్టం చెప్పండి" అంటే ఎకరాలూ సెంట్లూ చెప్పారు. విలేఖరులు వచ్చి "మీ బాధ చెప్పండి" అంటే కళ్ళు తుడుచుకుని అదీ చెప్పారు. ఎవరూ ఏమీ అడగని ఒక్క మధ్యాహ్నం దొరికితే, తమకు ఇష్టమైనదీ తాము కనిపెట్టినదీ చెప్పుకున్నారు. ఎర్రగండు ఏ ఇంటిదో వాదించుకుంటూ ఎదురిల్లు, పక్కిల్లు, మూలమలుపు, చావడి, ఒక్కటొక్కటే లేపి నిలబెట్టారు. ఏ సర్వే పటంలోనూ లేని వీధిని నేను ఆ గంటన్నరలో చూశాను. మీరు అడ్డుపడకపోతే చావడి దాటి చెరువుకట్ట దాకా వెళ్ళేవాళ్ళమే.

గంపలో మిగిలిన ఆ పిల్ల సంతతే తన ఇంట్లో ఇప్పటికీ తిరుగుతున్నదని పెద్దమ్మ వాదన. మధ్యలో ఎన్ని తరాలు, ఎన్ని గండుపిల్లులు కలిశాయో ఎవరు చెప్పగలరు? నాకు అనుమానమే. ఆమెతో అన్నాను కూడా. "ఈతకు వచ్చి సూసిపో, ఊరికే మాట్లాడొద్దు" అంది. పోయినవారం ఫోను చేయించింది. నాలుగు పిల్లలట, ఒక నల్లది మగది, రెండు మచ్చల ఆడవి, నాలుగోది ఇంకా తేలలేదట. ఆదివారం నంద్యాల వెళ్తున్నాను. ఈసారి ఒక నోటుపుస్తకం పట్టుకుని.