ఆన్‌కాల్ గంటలూ పని గంటలే



మా ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలకు లోటు లేదు. వాటిలో కొన్నేళ్లుగా సైబర్ సెక్యూరిటీ బ్రాంచికి గిరాకీ పెరిగింది. నా దగ్గర చదివిన పిల్లలు కొందరు గచ్చిబౌలి, మాదాపూర్‌లలోని సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్లలో షిఫ్టులు చేస్తున్నారు. పండక్కి ఊరొచ్చినప్పుడు వాళ్లను చూస్తే దిగులేస్తోంది. కంచం ముందు కూర్చున్నా చూపు ఫోన్ మీదే. షిఫ్టు ముగిశాక కూడా ‘ఆన్‌కాల్’లో ఉన్నామంటారు. అర్ధరాత్రి అలర్టు మోగితే లేచి లాగిన్ కావాల్సిందే. వాటిలో చాలావరకు ఉత్తవే. కానీ ఉత్తదని తేల్చడానికైనా నిద్ర లేవాలి కదా!

సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోగా సంస్థలు తమకు చెప్పాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. అది అవసరమే. అదే ఏడాది నవంబరులో సైబర్ దాడితో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు పడిపోయి, ఓపీ చీటీలు చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. అయితే ఆ 6 గంటల గడువును కంపెనీలు అదనపు మనుషులతో కాక, ఉన్నవాళ్ల నిద్రతో నెట్టుకొస్తున్నాయి. 2024 జూలై 19న సైబర్ సెక్యూరిటీ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ వికటించి ప్రపంచమంతటా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన ఫొటో అందరం చూశాం. చాలా కంప్యూటర్లను ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో తెరిచి వికటించిన అప్‌డేట్ ఫైలును తీసేసిన వాళ్ల ఫొటో ఎక్కడా రాలేదు.

ఇక ఆరోగ్యం సంగతికొస్తే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకున్నట్టు తేలింది. గంటల తరబడి కూర్చోవడం, ఒత్తిడి, నిద్రలేమి కారణాలన్నారు. వీళ్లకు యోగా క్లాసులు పెట్టి చేతులు దులుపుకుంటే ఎలా?

దాడులు వేళాపాళా చూసుకుని రావని యాజమాన్యాలు అంటాయి. నిజమే. నిప్పు కూడా వేళ చూసుకుని అంటుకోదు. అయినా మంటలు లేని గంటల్లో ఫైర్ స్టేషన్‌లో కాచుకుని ఉన్నవాళ్లను సెలవులో ఉన్నారనం, డ్యూటీలో ఉన్నారంటాం. ఆన్‌కాల్‌నూ అలాగే చూడాలి. వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు, వారానికి 48 గంటలు మించితే ఓవర్‌టైమ్ ఇవ్వాలని రాష్ట్ర ప్రభుత్వం 2025 జూలైలో ఉత్తర్వు ఇచ్చింది. ఫోన్ పట్టుకుని కాచుకున్న రాత్రులు కూడా ఈ లెక్కలోకి వస్తాయని, రాత్రి లేచి పనిచేసినవాళ్లకు మర్నాడు విశ్రాంతి ఇవ్వాలని కార్మిక శాఖ స్పష్టంగా చెప్పాలి. నిద్ర చాలని కళ్లు అసలు దాడిని కూడా ఉత్త అలర్టనుకుని దాటేస్తాయి; అప్పుడు నష్టపోయేది కంపెనీలే.

మా కాలేజీల వాళ్లమూ మారాలి. ప్లేస్‌మెంట్లకు వచ్చిన కంపెనీని ప్యాకేజీ ఎంతని అడిగి ఊరుకుంటున్నాం. నెలకు ఎన్ని రాత్రులు ఆన్‌కాల్ ఉంటుందో, దానికి ఎంత ఇస్తారో కూడా అడిగి, ఆ జవాబును ఆఫర్ లెటర్‌లో రాయించుకోవాలి.

– ఒక ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకుడు,
ఇబ్రహీంపట్నం, రంగారెడ్డి జిల్లా