బండి కొనేముందు తోటని అడగండి

శంకర్‌పల్లి దగ్గరో, చేవెళ్ల దగ్గరో అరెకరం ఫామ్ ల్యాండ్ కొన్న ఐటీ వాళ్లని గమనించారా? ముందు కంచె వేయిస్తారు. తర్వాత బోరు. తర్వాత పది మామిడి మొక్కలు. ఆ పైన వెతికేది ఏటీవీ. లావుపాటి టైర్లు, బురద చిమ్ముకుంటూ గట్టెక్కే నాలుగు చక్రాల బండి. రీల్ చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. మా టీమ్‌లోనే ఇద్దరు "ఏ మోడల్ బెటర్?" అని అడిగారు.

మా బాబాయ్ వాళ్లబ్బాయి కూడా అదే అడిగాడు. కాకపోతే వాళ్లది అరెకరం కాదు, నూజివీడు వైపు పన్నెండెకరాల మామిడి తోట. కట్టేది జీతంలోంచి ఈఎంఐ కాదు, కాయ అమ్మి తీర్చాల్సిన అప్పు. నడిపేది కూడా వాడు కాదు, యాభై ఏడేళ్ల బాబాయ్. అందుకే మోడల్ పేరు చెప్పకుండా రెండు వారాలు లెక్కలు వేశాను. ఆ లెక్కలే ఈ వారం మీకు.

అసలు ఏటీవీ అంటే ఏది?

గోవాలో అద్దెకు ఎక్కే చిన్న క్వాడ్ బైక్, పొలం పనికి తయారయ్యే యుటిలిటీ ఏటీవీ ఒకటి కావు. రెండింటికీ బైక్‌లాంటి సీటు, హ్యాండిల్ ఉంటాయి. పోలిక అక్కడితో సరి. మన దగ్గర లక్షా రెండు లక్షల్లో దొరికే 110, 150 సీసీ బళ్లలో ఎక్కువ వాటికి ఇంజిన్ పవర్ చెయిన్ మీదుగా వెనక చక్రాలకే వెళ్తుంది. సరదాకి బాగుంటాయి. యుటిలిటీ బండిలో చూడాల్సినవి వేరు: నాలుగు చక్రాలకూ పవర్, బరువు లాగేటప్పుడు వాడే లో గేరు, దిగుడులో ఇంజినే బండిని ఆపే ఏర్పాటు, ముందూ వెనకా ర్యాకులు, ట్రైలర్ తగిలించే హుక్కు.

ఈ బళ్ల కథ మూడు చక్రాలతో మొదలైంది. హోండా 1970లో అమెరికాలో మూడు చక్రాల ఏటీవీని దించింది. ప్రమాదాలు పెరిగి, 1988లో అక్కడి ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందంతో కంపెనీలన్నీ మూడు చక్రాల బళ్ల అమ్మకం ఆపేశాయి. అప్పటికే వచ్చిన నాలుగు చక్రాల బళ్లే నిలిచాయి.

మన దేశంలో ఇంకో చిక్కుంది: రిజిస్ట్రేషన్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 ప్రకారం రిజిస్టర్ కాని బండిని పబ్లిక్ ప్లేస్‌లో నడపకూడదు. పంచాయతీ రోడ్డు కూడా పబ్లిక్ ప్లేసే. తోట ఒకవైపు, షెడ్డు రోడ్డుకి అవతల ఉంటే, ఆ పది మీటర్లు దాటడానికీ ఆర్‌సీ కావాలి. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మొదట అడిగేది అదే. పొలారిస్ కంపెనీ 2019లో తన స్పోర్ట్స్‌మన్ 570ని ఇక్కడ ట్రాక్టర్‌గా రిజిస్టర్ అయ్యేలా తెచ్చింది. 34 హెచ్‌పీ, అప్పటి ఎక్స్‌షోరూమ్ ధర 7.99 లక్షలు. తమ్ముడి కన్ను పడింది దీని మీదే.

తోటలో పనులు ఐదు

ఆఫీసులో ఏదైనా కట్టేముందు రిక్వైర్‌మెంట్స్ రాస్తాం కదా. బాబాయ్‌ని కూర్చోబెట్టి అదే చేశాను. "ఏడాదిలో ఈ బండి ఏమేం చెయ్యాలి బాబాయ్?" అంటే వేళ్ల మీద ఐదు చెప్పాడు. వానలు పడ్డాక చెట్ల మధ్య దుక్కి, కలుపు. పూత దగ్గర్నుంచి మందు కొట్టడం. కోతప్పుడు కాయ తరలించడం. ఎరువు మొయ్యడం. రోజూ తోట చుట్టి రావడం, బోరు చూసుకోవడం. ఒక్కో పనికీ ఏటీవీని నిలబెట్టి చూశాం.

మొదట దుక్కి. తమ్ముడి వాదన ఏంటంటే, "అన్నయ్యా, ఏటీవీ 34 హెచ్‌పీ, మినీ ట్రాక్టర్ 24 హెచ్‌పీ. మరి ఏది బలమైంది?" మంచి ప్రశ్నే. కానీ మట్టిలో లాగే శక్తి హెచ్‌పీ ఒక్కదానితో రాదు, బండి బరువుతో, టైరు పట్టుతో వస్తుంది. ఏటీవీ, మనిషి కలిపితే నాలుగు వందల కిలోలు. దుక్కి నేలలో లాగుడు అందులో సగం వస్తే గొప్ప. అంతకు మించితే చక్రం తిరుగుతుంది, బండి కదలదు. పైగా దాని బెల్ట్ గేర్‌బాక్స్ గంటల తరబడి లాగడానికి తయారైంది కాదు, వేడెక్కుతుంది. ట్రాక్టర్‌కి బరువూ ఎక్కువే, పైగా వెనక పీటీఓ షాఫ్ట్ ఉంటుంది. రోటవేటర్ తిరిగేది దానితోనే. మామూలు ఏటీవీకి ఆ షాఫ్టే ఉండదు.

రెండోది మందు. ఏటీవీ ర్యాక్ మీద పెట్టే స్ప్రేయర్లు 12 వోల్టుల చిన్న మోటారువి, ప్రెషర్ దాదాపు 60 పీఎస్ఐ. గట్ల మీద కలుపుమందుకి చాలు. ఇరవై, ముప్పై అడుగుల మామిడి కొమ్మల్లో తేనెమంచు పురుగు దాకా మందు వెళ్లాలంటే 300 పీఎస్ఐ పైన ఇచ్చే హెచ్‌టీపీ పంపు కావాలి. దాన్ని తిప్పడానికి మళ్లీ పీటీఓనో, వేరే ఇంజినో ఉండాలి.

మూడోది కాయ. స్పోర్ట్స్‌మన్ 570 లాగగలిగేది సుమారు 550 కిలోలు. ఇందులో ట్రైలర్ సొంత బరువు కూడా కలిసే ఉంటుంది. ట్రైలర్‌కి 120 తీసేస్తే మిగిలేది 430. ఇరవై కిలోల కాయ పట్టే ట్రే, ఖాళీ ట్రే బరువుతో కలిపి 22 అనుకుందాం. అంటే ట్రిప్పుకి 19 ట్రేలు. కోత జోరుగా ఉన్న రోజు మూడు టన్నులు దిగితే ఎనిమిది ట్రిప్పులు. టన్నున్నర ట్రక్కు ఉన్న చిన్న ట్రాక్టర్‌కి రెండు మూడు ట్రిప్పుల పని.

నాలుగోది ఎరువు. ఇక్కడ నాకు నచ్చిన లెక్క దొరికింది. ఆ బండి వెనక ర్యాక్ మీద పెట్టగలిగేది 82 కిలోలు, ముందు 41. యూరియా బస్తా 45 కిలోలు. అంటే ఎనిమిది లక్షల బండి వెనక రెండు యూరియా బస్తాలు పెడితే పరిమితి దాటినట్టే. ముందు ఒక్క బస్తా కూడా పెట్టకూడదు.

ఐదోది తోట చుట్టి రావడం. ఇందులో ఏటీవీ రాజా. ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ పని బాబాయ్ ఇప్పుడు దేని మీద చేస్తున్నాడు? టీవీఎస్ ఎక్సెల్ మీద. 99.7 సీసీ. పాలక్యాన్లు, పచ్చగడ్డి మోపు, మోటారు పార్టులు, మనిషి, అన్నీ దాని మీదే. మన ఊళ్లకి యుటిలిటీ బండి ఎప్పుడో వచ్చేసింది, మనం దానికి ఆ పేరు పెట్టలేదంతే.

ఐదింట్లో ఒకటే నెగ్గింది, ఆ ఒకటీ చేసే బండి ఇంట్లోనే ఉంది. ఏటీవీ పక్కకెళ్లింది.

అద్దెకి తెచ్చుకుంటే పోదా?

ఇది బాబాయ్ అడిగిన ప్రశ్న. నిజానికి ముందు అడగాల్సింది ఇదే. చిన్న ట్రాక్టర్, రోటవేటర్, హెచ్‌టీపీ స్ప్రేయర్ కలిపి మాకొచ్చిన కొటేషన్ ఏడు లక్షలు. పది శాతం వడ్డీ అనుకున్నా మొదటి ఏడాది డెబ్బై వేలు వడ్డీకే. మా వైపు అద్దె గంటకి పన్నెండు వందలు. అంటే ఏడాదికి 58 గంటల లోపు పని ఉన్నవాళ్లకి వడ్డీ కన్నా అద్దే తక్కువ. అరెకరం ఫామ్ ఉన్న మా టీమ్ వాళ్లకి ఏడాదికి పది గంటల పని కూడా ఉండదు. వాళ్లకి నా సమాధానం ఒక్క ముక్కలో: కొనకండి. ఊళ్లో ట్రాక్టర్ ఉన్నాయన నంబర్ సేవ్ చేసుకోండి.

బాబాయ్ తోటకి దుక్కి, మందు, కోత కలిపి 130 గంటలు తేలింది. అద్దె అయితే 1.56 లక్షలు. సొంతమైతే వడ్డీ 70 వేలు, డీజిల్ 34 వేలు, సర్వీసింగ్ 15 వేలు, మొత్తం 1.19 లక్షలు. మిగిలిన 37 వేలు బండి అరుగుదలకి పోతాయి. అంటే డబ్బు లెక్కలో రెండూ ఇంచుమించు సమానం. తేల్చింది డబ్బు కాదు, టైము. పూత మీద పురుగు పడ్డ వారంలో అందరికీ అదే ట్రాక్టర్ కావాలి. "నాలుగు రోజులాగండి" అంటారు. మనం ఆగొచ్చు, పూత ఆగదు. ఆ నాలుగు రోజుల కోసమే కొనాలని నిర్ణయించాం.

కొనేవాళ్లకి ఒక మంచి మాట: ట్రాక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. యంత్రాల సబ్సిడీ మీ జిల్లాలో ఇప్పుడు ఇస్తున్నారా, ఏయే మోడల్స్‌కి ఇస్తున్నారో బుక్ చేసే ముందే వ్యవసాయాధికారిని అడగండి.

బోల్తా పడితే?

నేను భయపడింది ఇక్కడే. ఏటీవీని బైక్‌లాగే ఒంటిని అటూఇటూ వంచుతూ నడపాలి. పక్కవాలు గట్టు మీద అది తిరగబడితే మూడు వందల కిలోలు మనిషి మీదకొస్తాయి. ఆస్ట్రేలియాలో పొలాల్లో ఇలా ఎంతోమంది చనిపోయాక, 2021 అక్టోబర్ నుంచి అమ్మే కొత్త క్వాడ్ బైక్‌లకి వెనక రక్షణ కమ్మీ తప్పనిసరి చేశారు. హోండా, యమహా లాంటి కంపెనీలు ఆ మార్కెట్లో ఈ బళ్ల అమ్మకమే ఆపేశాయి. ఇక ఒక్కరి కోసం చేసిన ఏటీవీ మీద రెండో మనిషి ఎక్కితే బ్యాలెన్స్ పోతుంది. మన ఊళ్లో కొత్త బండొస్తే పిల్లలంతా ఎక్కుతారు. కాదనగలమా?

ట్రాక్టర్ కూడా బోల్తా పడుతుంది. అందుకే సీటు వెనక రక్షణ కమ్మీ ఉన్నదే చూశాం. దానికో రూల్ ఉంది. కమ్మీ నిలబెట్టి ఉంటే సీటు బెల్టు పెట్టుకోవాలి, కమ్మీ మడిస్తే పెట్టుకోకూడదు. కమ్మీ నిలబడి ఉంటే అది మనిషికి చోటు మిగులుస్తుంది, బెల్టు ఆ చోట్లోనే పట్టి ఉంచుతుంది. మడిచాక ఆ చోటే ఉండదు, అప్పుడు బెల్టు మనిషిని బండి కింద కట్టేసినట్టవుతుంది. మామిడి కొమ్మల కింద మడవక తప్పదు. బయటికొచ్చాక నిలబెట్టడం అలవాటు చేసుకోవాలి.

ఏది తీసుకున్నాం?

చివరికి మిగిలినవి 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్ బళ్లు. మహీంద్రా జీవో 245, కుబోటా బీ2441 లాంటివి. రెండూ వెనక 750 కిలోలు ఎత్తుతాయి. కాగితం మీద తేడా వెతికితే కళ్లు నొప్పి తప్ప ఏం రాదు. ఎంచడానికి మూడు పనులు చేశాం. టేపు పట్టుకుని తోటలో కిందికి వాలిన కొమ్మ ఎత్తు కొలిచాం. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేసి, మే నెలలో బండి ఆగితే మెకానిక్ ఎన్ని గంటల్లో వస్తాడని అడిగాం. డెమో షోరూమ్ ముందు కాకుండా మన తోటలోనే, మన రోటవేటర్ లోతులోనే, వాలుగా ఉన్న పడమటి మూలనే కావాలన్నాం. ఒక డీలర్ కుదరదన్నాడు. రెండో ఆయన ట్రక్కులో వేసుకుని వచ్చాడు. బండి అక్కడే తేలిపోయింది.

ఏటీవీ పనికిరాని బండి అని నేననడం లేదు. లడఖ్‌లో ఆర్మీ, కచ్‌లో బీఎస్ఎఫ్ వాడుతున్నాయి. వందల ఎకరాల ఎస్టేట్‌లో సూపర్‌వైజర్ రోజూ కొండ ఎక్కి దిగాలంటే అంతకన్నా మంచిది దొరకదు. అక్కడ పని మనిషిని చేర్చడం. మన తోటల్లో పని బరువు మొయ్యడం, మట్టి తిప్పడం, మందు కొట్టడం.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రశ్న నడుస్తుంటే ఫోన్ పక్కన పెట్టి, నాన్ననో బాబాయ్‌నో ఏడాది పనులు చెప్పమనండి. ఒక్కో పని పక్కన గంటలు రాయండి, కిలోలు రాయండి. నడిపేది ఎవరో, వాళ్ల వయసెంతో కూడా రాయండి. ఆ కాగితం పట్టుకుని షోరూమ్‌కి వెళ్తే సేల్స్‌మన్ చెప్పే సగం మాటలు మీకు అక్కర్లేదు.