కృష్ణ మట్టం లేకుండా బుడమేరు లెక్క తేలదు

2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకు విజయవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగినప్పటి నుంచి బుడమేరు వాగును వెడల్పు చేయాలని, ఆక్రమణలు తీసేయాలని, గట్లు బలపరచాలని అందరూ అంటున్నారు. అవన్నీ చేయాల్సిందే. కానీ ఎంత వెడల్పు చేయాలి, గట్టు ఎంత ఎత్తు లేపాలి అన్న అంకె ఎక్కణ్నుంచి వస్తోందని అడిగేవాళ్లు తక్కువ. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ని కనుక నేను అడుగుతున్నాను.

మాకు అలవాటైన లెక్క ఇది. పరీవాహక విస్తీర్ణాన్ని, వాన తీవ్రతను, నేల ఎంత నీటిని వదిలేస్తుందో చెప్పే గుణకాన్ని కలిపి గుణిస్తాం. వచ్చిన ప్రవాహానికి మ్యానింగ్ సూత్రం వేసి కాలువ కొలతలు తేలుస్తాం. వీధి డ్రైనుకు అది చాలు. అయితే చివరన నీరు ఏ అడ్డూ లేకుండా దిగిపోతుందని ఇందులో ముందే అనేసుకుంటాం. విజయవాడలో లెక్క తప్పేది అక్కడే.

వెలగలేరు రెగ్యులేటరు దగ్గర మళ్లించిన బుడమేరు నీరు డైవర్షన్ ఛానెల్ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణా నదిలో కలవాలి. 2024 వరదలో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత ఎత్తున ఉన్నప్పుడు డైవర్షన్ ఛానెల్ నీరు కిందికి దిగదు, వెనక్కి ఎగదన్నుతుంది. పైనుంచి వాగు నీరు వస్తూనే ఉంటుంది. ఆ ఛానెల్ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. మళ్లించని నీరు పాత దారిన కొల్లేరు సరస్సుకు పోవాలన్నా ఎనికేపాడు అండర్ టన్నెల్ దాటాలి. కాబట్టి వాగును, నదిని, ఊరి డ్రైన్లను విడివిడిగా లెక్కకడితే మూడూ కాగితం మీద సరిగ్గానే కనిపిస్తాయి, ఊరు మాత్రం మునుగుతుంది.

మూడింటినీ కలిపి చూసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతోంది. అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం తయారుచేసిన హెచ్‌ఈసీ-రాస్ వాగుల్లో, నదుల్లో నీటిమట్టం గంటగంటకూ ఎలా మారుతుందో లెక్కిస్తుంది. గట్టు తెగితే ఏ వీధిలో ఎంత లోతు నిలుస్తుందో మ్యాపు మీద చూపుతుంది. డ్రైన్లకు, పైపులకు, పంపులకు ఆ దేశపు పర్యావరణ సంస్థ 1971 నుంచి అభివృద్ధి చేస్తున్న స్వమ్ ఉంది. స్వమ్‌లో కైనమాటిక్ వేవ్ పద్ధతి ఎంచుకుంటే ఎగదన్నే నీరు లెక్కలోకే రాదు, డైనమిక్ వేవ్ ఎంచుకోవాలి. ఈ ఒక్క ఎంపిక తప్పితే, ఎన్ని రంగుల మ్యాపులున్నా ఆ నివేదిక ఇక్కడ పనికిరాదు.

కాలువ గరుకుదనం ఇంకో సంగతి. శుభ్రంగా ఉన్న మట్టికాలువకు మ్యానింగ్ గుణకం 0.025 దగ్గర వేస్తారు. తూడు, గుర్రపుడెక్క, పొదలు పెరిగితే అది రెట్టింపు దాటుతుంది. గుణకం రెట్టింపైతే అదే లోతులో కాలువ మోసే నీరు సగానికి పడిపోతుంది. డిజైన్లో శుభ్రమైన కాలువ అంకె వేసి, ఏటా పూడిక తీయడానికి డబ్బు ఇవ్వకపోతే ఆ డిజైన్ మొదటి వర్షాకాలంలోనే చెల్లకుండా పోతుంది.

మోడల్‌ను నమ్మాలంటే ముందు అది 2024 వరదను తిరిగి చూపగలగాలి. ఏ రోజు ఏ ప్రాంతం మునిగిందో ఉపగ్రహ చిత్రాలు చెబుతాయి, ఎంత లోతున మునిగిందో గోడల మీది నీటి చారలు చెబుతాయి. చాలా గోడలకు ఇప్పటికే కొత్త రంగులు పడ్డాయి. మిగిలిన చారలకైనా వెంటనే లెవల్ సర్వే చేయించాలి. ఎక్కడిదాకా నీళ్లొచ్చాయో ఆ వీధుల ఆడవాళ్లను అడిగితే మెట్టు లెక్కన చెబుతారు.

ఖర్చంటారా, సాఫ్ట్‌వేర్‌కు రూపాయి అక్కర్లేదు. ఖర్చంతా వంతెనలు, తూములు, వాగు అడ్డుకోతలు కొలిచే సర్వేకే. పనుల అంచనాల ముందు అది చాలా చిన్న మొత్తం.

అందుకే నా విన్నపం. పనులకు టెండర్లు పిలిచే ముందు, కృష్ణ 2024 నాటి మట్టంలో ఉన్నట్టు ఒకసారి, గట్టు తెగినట్టు మరోసారి మోడల్ నడిపించాలి. ఫలితాలతో పాటు సర్వే కొలతలు, వేసిన గుణకాలు, ఇన్‌పుట్ ఫైళ్లు అందరికీ అందుబాటులో పెట్టాలి. వాటిని సరిచూడగల అధ్యాపకులు ఈ జిల్లా ఇంజినీరింగ్ కాలేజీల్లోనే ఉన్నారు. వాళ్లకు ఒక నెల గడువిచ్చి, అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుని, వాటికి జవాబు చెప్పాకే కొలతలు ఖరారు చేయాలి.

— విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు, విజయవాడ