పబ్లిక్ ఐపీ ఉందో లేదో ముందే చెప్పాలి



ఫైబర్ కనెక్షన్ కరపత్రాల మీద ఎంబీపీఎస్ అంకె బారెడు ఉంటుంది. ఆ కనెక్షన్‌కు పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా చేరుకోగల ఇంటర్నెట్ చిరునామా, ఇస్తారా, ఇవ్వరా అన్నది నేను చూసిన ఏ కరపత్రంలోనూ, దరఖాస్తులోనూ లేదు. ఆ ముక్క అచ్చు వేయించమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌ను కోరడానికే ఈ ఉత్తరం.

బూర్గంపాడులో మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్‌ను సర్వర్‌గా వాడుతున్నాను. దుమ్ముగూడెం, చర్ల వైపు గూడేల్లో రికార్డు చేసిన కోయ పాటలు, పెద్దల ముచ్చట్లు అందులో ఉన్నాయి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అది చూసినవాళ్లెవరూ ఉన్నదంతా ఈ ఒడ్డున ఒకే పెట్టెలో పెట్టుకోరు. అందుకని హైదరాబాదులో మా బావమరిది కంప్యూటర్ రాత్రిళ్లు వాటి నకలు దించుకునేలా ఏర్పాటు చేద్దామనుకున్నాం. ఇంటి వైఫైలో అన్నీ బాగానే తెరుచుకున్నాయి. బయటి నుంచి మాత్రం ఒక్క పోర్టూ పలకలేదు. పోనీ ఇక్కడి నుంచే పంపుదామంటే అటు హైదరాబాదులోనూ ఇదే తంతు.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే రౌటర్ ఆపి వేయమన్నారు. పోర్ట్ ఫార్వర్డింగ్ మళ్లీ పెట్టమన్నారు. చివరికి ఫైర్‌వాల్ పూర్తిగా తీసేయమన్నారు! లైన్‌మ్యాన్ వచ్చి పెట్టె మార్చి పోయాడు. సమాధానం మాత్రం మొదటి నుంచీ రౌటర్ స్టేటస్ పేజీలోనే ఉంది. వ్యాన్ ఐపీ అన్నచోట 100.72తో మొదలయ్యే నంబరు కనిపించింది. బయటి ఇంటర్నెట్ చూస్తున్న మా ఐపీ మరొకటి.

ఐపీవీ4 చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లు. ఆసియా పసిఫిక్‌లో వాటి నిల్వ 2011 ఏప్రిల్‌కే అడుగంటింది. మరుసటి ఏడాది 100.64 నుంచి 100.127 వరకు ఉన్న నంబర్లను ఇంటర్నెట్ కంపెనీల లోపలి వాడకానికి కేటాయించారు. ఆ నంబర్లను వందలాది మంది చందాదారులకు ఇచ్చి, అందరికీ కలిపి ఒక్క పబ్లిక్ ఐపీ వాడటాన్నే సీజీన్యాట్ అంటారు. ఊరంతటికీ ఒకే డోర్ నంబరు ఇచ్చినట్టన్నమాట. మనం పంపిన ఉత్తరానికి జవాబు తిరిగొస్తుంది, ఎందుకంటే పంపిందెవరో కంపెనీ రాసిపెట్టుకుంటుంది. కొత్తగా వచ్చిన చుట్టానికి మాత్రం ఇల్లు దొరకదు. మన రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా పైన కంపెనీ పెట్టెలో దారి లేదు.

కాబట్టి ఎవరైనా ముందు రౌటర్‌లోని వ్యాన్ ఐపీని, బయటి ఇంటర్నెట్‌కు కనిపించే ఐపీని పోల్చుకోవాలి. అవి వేరైతే సెట్టింగులతో కుస్తీ అనవసరం, పైన ఎక్కడో ఇలా చిరునామాలు మార్చే మరో న్యాట్ ఉన్నట్టే. ఆపరేటర్ పెట్టె వెనక మనం సొంత రౌటర్ తగిలించినా నంబర్లు వేరుగానే ఉంటాయి, ముందు ఆ ముడి విప్పుకోవాలి. రెండూ ఒకటే అయితే తప్పు ఇంట్లో వెతకొచ్చు. కంప్యూటర్‌కు లోపలి ఐపీ మారిపోయి ఉండొచ్చు. పరీక్ష మాత్రం వైఫై కట్టేసి, మొబైల్ డేటాతో చేయాలి. ఇంట్లో కూర్చుని ఇంటి పబ్లిక్ ఐపీని పిలిస్తే చాలా రౌటర్లు పలకవు, పోర్టు తెరిచి ఉన్నా సరే.

పోర్టులు మూసి ఉంటేనే క్షేమం కదా అంటారు. కొంత నిజమే. 2016లో మిరాయ్ వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో పట్టుకుంది. దుకాణం సీసీ కెమెరా డీవీఆర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరవమని నేనూ చెప్పను. అయితే మూయాలా, తెరవాలా అన్నది తెలిసి తేల్చుకోవాల్సింది బిల్లు కట్టేవాడు. నంబర్లు చాలక చేసిన సర్దుబాటును భద్రత అని అమ్మడం సరికాదు.

అసలు మందు నంబర్ల కరువు లేని ఐపీవీ6. 2022 చివరి తర్వాత ఇచ్చే కొత్త ఫైబర్ కనెక్షన్లన్నీ దానికి సిద్ధంగా ఉండాలని టెలికాం శాఖ 2021లోనే చెప్పింది. నాకిచ్చిన పెట్టెలో ఐపీవీ6 ఉంది కానీ, బయటి నుంచి వచ్చేదాన్ని అనుమతించే మీటే లేదు. ఇప్పుడు నెలనెలా అద్దె కట్టి బయట చిన్న సర్వర్ తీసుకుని, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సొరంగం గుండా నకళ్లు పంపుతున్నాం. పట్నంలో అయితే కంపెనీ మార్చుకోవచ్చు. అడవి అంచు ఊళ్లలో స్తంభం మీదికి ఏ తీగ వస్తే అదే గతి.

డేటా హద్దు దాటాక వేగం ఎంతకు పడిపోతుందో ముందే చెప్పాలని ట్రాయ్ ఇదివరకే ఆదేశించింది. అదే కాగితంలో మరో మూడు సంగతులు చేర్చితే చాలు: కనెక్షన్ సీజీన్యాట్ వెనక ఉందా, స్టాటిక్ (మారని పబ్లిక్) ఐపీకి అదనంగా ఎంత, ఐపీవీ6లో బయటి నుంచి రానిస్తారా. అలాంటి కొత్త ఆదేశం వచ్చేలోగా, మీ పాఠకులు కొత్త కనెక్షన్‌కు సంతకం పెట్టే ముందు ఈ మూడూ ఆపరేటర్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలని మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బూర్గంపాడు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా