మెరిట్ పేరుతో మనం చేసింది

ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లకు ప్రవేశ పరీక్షగా ఎంసెట్ మొదలైంది 1986లో. బీసీ రిజర్వేషన్లను 25 శాతం నుంచి 44కి పెంచుతూ ఎన్టీఆర్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిందీ, దాని మీద విద్యార్థులు రోడ్డెక్కిందీ ఆ ఏడాదే. హైకోర్టు ఆ పెంపును కొట్టేసింది. రిజర్వేషన్ లేని మా ఇళ్లలో మెరిట్ గెలిచిందని చెప్పుకున్నారు. నేనూ నమ్మాను. నమ్మితే నాకు లాభం కాబట్టి నమ్మానేమో. అప్పుడు మాత్రం అది న్యాయమనే అనిపించింది.

తర్వాత ఇంజనీరింగ్ కాలేజీల్లో 30 శాతం సీట్లు మేనేజ్‌మెంట్ కోటా అయ్యాయి. క్యాపిటేషన్ ఫీజును నిషేధించిన చట్టం 1983 నుంచీ ఉంది. ఉన్నా, రసీదు లేని డొనేషన్లు మనమే తీసుకెళ్లి ఇచ్చాం. ఆ సీట్ల మీద మెరిట్ పేరు చెప్పి ఎవరమూ రోడ్డెక్కలేదు. ఎక్కాల్సింది ఇంకెవరో కాదు, 1986లో ఎక్కినవాళ్లమే.

ఇక ఇంటర్ సంగతి. చుక్కా రామయ్య గారి దగ్గర ఐఐటీ కోచింగ్‌లో చేరాలంటే ఎంట్రన్స్ రాయాల్సి వచ్చేది. ఆ ఎంట్రన్స్‌కీ కోచింగ్ ఇప్పించాం. కొన్నాళ్లకి ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ అన్నారు. వద్దనలేదు, పక్కింటివాళ్లు చేర్చారని మనమూ చేర్చాం. కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో తెల్లవారకముందే స్టడీ అవర్ మొదలై రాత్రి నిద్ర ముంచుకొచ్చేదాకా సాగుతుందని తెలుసు. ఆదివారం పచ్చడి సీసా, జంతికలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాం. పిల్లాడు చిక్కిపోయాడని చూశాం కూడా. చూసి, "రెండేళ్లు ఓర్చుకో నాన్నా" అన్నాం.

మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, ఫీజు రాయితీ. కింది సెక్షన్‌కి పూర్తి ఫీజు. అంటే వెనకబడిన పిల్లాడి తండ్రి కట్టే డబ్బుతో ర్యాంకరు చదువుతున్నాడు. ఈ లెక్క మనకు తెలియక కాదు. మనవాడు పైకి వెళ్తాడులే అనుకుని ఊరుకున్నాం. ఎకరం అమ్మి పిల్లను అక్కడే చేర్చిన రైతుకు ఆ దారి చూపించిందీ మనమే. టీవీలో ర్యాంకులు అరిచే ప్రకటనల్ని వెక్కిరించాం, అడ్మిషన్‌కి మాత్రం అక్కడికే వెళ్లాం. కాలేజీలది తప్పు కాదని అనను. కానీ గిరాకీ మనది.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతో వచ్చాయి. ఒకమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. తిరిగి చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. బోర్డు ముందు కొందరు తల్లిదండ్రులు ధర్నా చేస్తుంటే, మన పిల్లలు పాసయ్యారు కాబట్టి ఇంట్లో కూర్చుని చూశాం. కోపం రాలేదని కాదు, వచ్చింది. తప్పుగా దిద్దారని వచ్చింది. సరిగ్గా దిద్దే ఫెయిల్ చేసి ఉంటే? పాపం, చదవలేకపోయింది అని ఊరుకునేవాళ్లం. మార్కు సరైనదైతే చాలు, దాంతో మనిషి విలువ కట్టేయొచ్చని మనం ఎప్పుడో ఒప్పుకున్నాం. ఆ పిల్లలు మన మాటే నమ్మారు.

ఇదే నేల మీద 1971లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో గురుకుల పాఠశాల పెట్టారు. డబ్బు లేని పిల్లలకు మంచి చదువు సర్కారే చెప్పగలదని అక్కడ చదివినవాళ్లు చూపించారు. అయితే అక్కడా ఏరుకున్నది కొందరినే. మిగిలినవాళ్ల కోసం ఊళ్లో ఉన్న బడినీ కాలేజీనీ మనం ఖాళీ చేశాం. సర్కారు జీతంతో పాఠాలు చెప్పేవాళ్లు కూడా తమ పిల్లల్ని ప్రైవేటులో వేశారు, తప్పుబట్టే అర్హత నాకు లేదు. మనం వెళ్లిపోయాక అక్కడ లెక్చరర్ ఏడీ అని గట్టిగా అడిగేవాళ్లు తగ్గిపోయారు. అక్కడ మిగిలిన పిల్లాడూ మన పిల్లాడూ రాసింది ఒకే పరీక్ష. వాడికి ర్యాంకు రాలేదు. మెరిట్ లేదన్నాం.

మళ్లీ అడ్మిషన్ల కాలం వస్తుంది. మీ దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీకి ఒకసారి వెళ్లండి. ఫిజిక్స్ లెక్చరర్ ఉన్నారా, ల్యాబ్ తెరుస్తున్నారా అని అడగండి. మీ పిల్లల్ని చేర్చకపోయినా అడగండి. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ అడగలేదు.