పోస్టర్ మీద చీమంత అక్షరం

మొన్న జుమా నమాజ్ అయ్యాక చెల్లె కొడుకును వెంటేసుకుని మానుకోట స్టేషన్ రోడ్డు మీద వస్తున్నా. ఎనిమిదేండ్ల పోరడు. గోడ మీది సినిమా పోస్టర్ దగ్గర ఆగిపోయాడు. "మామూ, దీనికి పోదాం!"

హీరో నిలువెత్తున ఉన్నాడు. చేతిలో కత్తి. సర్టిఫికెట్ ఏమిటా అని వెతికితే అడుగున ఓ మూల ఇంగ్లీషులో 'యూఏ' అని చీమంత అక్షరాలు. పక్కన వయసు అంకె ఉందో లేదో కళ్లద్దాలు తుడుచుకుని చూసినా తెలియలేదు. ఇంటికి ఫోన్ చేస్తే చెల్లె అడిగింది, "భాయ్, పిల్లలు చూసేదేనా?" నా దగ్గర జవాబ్ లేదు.

'ఏ' సినిమాకు పద్దెనిమిదేండ్ల లోపు వాళ్లను రానివ్వకూడదని కానూన్ ఉంది. 'యూఏ'కు అలా కాదు. ఫైసలా అమ్మీ అబ్బాలదే. అందుకే 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి యూఏను 7, 13, 16 ఏళ్లని మూడు ముక్కలు చేశారు. మంచిదే. కానీ ఆ అంకె గోడ మీద కనబడకపోతే ఎవరికి ఫాయిదా?

పైగా ఫస్ట్ లుక్, టీజర్ సెన్సార్ కంటే నెలల ముందే వస్తాయి. సర్టిఫికెట్ వచ్చేసరికి పిల్లలకు డైలాగులు జబానీ వచ్చేస్తాయి. అప్పుడు వద్దంటే ఇంట్లో లడాయి.

పిల్లల జిమ్మేదారీ తల్లిదండ్రులదే కదా అంటారు. బేషక్. ఖబర్ ఇవ్వకుండా జిమ్మేదారీ నెత్తిన పెట్టడం ఎక్కడి ఇన్సాఫ్?

చేయలేని పని కాదిది. తెర మీద ఎవడైనా సిగరెట్ ముట్టిస్తే చాలు, కింద తెలుగులో హెచ్చరిక పడుతుంది. 2012 నుంచి చూస్తున్నాం. చదువు రాని మా పడోసీ ఖాలాకు కూడా అది నోటికొచ్చు. 2025లో 'హిట్ 3'కి 'ఏ' వచ్చినప్పుడు, ఇది పిల్లల సినిమా కాదని నాని తానే బయటికి చెప్పాడు. నియ్యత్ ఉంటే దారి ఉంటుంది.

నేను సినిమాలు ఆపమనడం లేదు. పోస్టర్ మీద హీరో పేరు పక్కనే, కంటికి ఆనేటంత సైజులో, తెలుగులో రాయండి: '13 ఏళ్లు దాటినవారికి. నరుకుడు, రక్తం ఉన్నాయి.' సర్టిఫికెట్ ఇంకా రాకపోతే 'రాలేదు' అని రాయండి. అంతే.

ఆ రోజు మేనల్లుడికి సమోసా కొనిచ్చి మాట మళ్లించా. ప్రతి జుమాకూ సమోసా పనిచేయదు.