కాలాపానీకి వెళ్ళిన ముత్తాత జాడ

“మా ముత్తాతను కాలాపానీకి పంపారట, ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తరు” అనే కుటుంబాలు మాకు అనేకం తెలుసు. కొందరు సిగ్గుతో దాస్తారు. మరికొందరు ఏ ఆధారమూ చూడకుండానే ఆయన మౌల్వీ అలావుద్దీన్ అనుచరుడని చెప్పుకుంటారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాద్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన ఆ మౌల్వీగారు అండమాన్‌లోనే కన్నుమూశారు. అంతటి గౌరవాన్ని వినికిడి మాటలపై నిలుపుకోవడం మాకు సమ్మతం కాదు.

వెతకదలచినవారు ఓడతో కాదు, శిక్షతో ప్రారంభించాలి. ఏ సంవత్సరంలో, ఏ న్యాయస్థానంలో? పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం 1858లో ఏర్పడింది. అంతకు పూర్వపు దశాబ్దాలలో మద్రాసు రాజధాని ఖైదీలను పినాంగ్, సింగపూర్ వంటి చోట్లకు పంపేవారు. కనుక కడప, గుంటూరు కుటుంబాలవారు చెన్నై ఎగ్మూరులోని పురాభిలేఖాగారాన్ని, నిజాం ప్రాంతంవారు హైదరాబాద్ తార్నాకలోని దానిని ముందుగా దర్శించాలి. పోర్ట్ బ్లెయిర్ దస్త్రాలు ఢిల్లీలోని జాతీయ పురాభిలేఖాగారంలో ఉన్నాయి. ‘అభిలేఖ్ పటల్’ ద్వారా వాటి జాబితాను ఇంటినుండే వెదకవచ్చు.

పేరొక్కటే నమ్మకండి. గుమాస్తా తన చెవికి తోచినట్లు ఆంగ్లంలో రాసుకునేవాడు. అలావుద్దీన్ అన్న పేరే ఎన్నో విధాలుగా కనిపిస్తుంది. తండ్రి పేరు, ఊరు, శిక్షపడిన తేదీ కూడా సరిపోవాలి.

దస్త్రంలో తిరుగుబాటుకు బదులు దోపిడి అని ఉంటే? అదీ పిల్లలకు చెప్పండి. శిక్ష ఆయన అనుభవించారు. ఇంట్లో పెద్దల మగ్‌ఫిరత్ కోసం చేసే దుఆలో ఇకనైనా ఆయన పేరు చేర్చండి.